పల్లె కౌంటీలో 11 ఎకరాలు, 13 వేల డాలర్ల పన్ను

ప్రశ్న: మేం టెక్సస్‌లో, డాలస్‌కి ఈశాన్యంగా గంటకు పైగా దూరంలో ఉన్న ఒక పల్లె కౌంటీలో ఉంటున్నాం. 2023 మార్చిలో 11 ఎకరాల పచ్చిక భూమి కొన్నాం. అంతకుముందు చాలా ఏళ్లుగా పక్క స్థలం పెద్దాయన దాన్ని కౌలుకి తీసుకుని ఆవుల్ని మేపుకునేవారు. మేం కొన్నాక కూడా ఆ ఏడాదంతా మేపుకున్నారు. ఏడాది చివర్లో ఇంటికి ఫౌండేషన్ పోయించాం. 2024 మొదట్లో చుట్టూ కంచె వేయించాం, దాంతో ఆవులు రావడం ఆగిపోయింది. సెప్టెంబర్‌లో గృహప్రవేశం అయింది. 2024కి పన్ను 5,100 డాలర్లు వస్తే, 2025కి 13,090 వచ్చింది. ఇప్పుడు మార్ట్‌గేజ్ కంపెనీ మా నెల కిస్తీని 3,400 నుంచి 4,732కి పెంచుతున్నామని ఉత్తరం పంపింది. మా ఆయనకి టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ‘కృష్ణా జిల్లాలో మన డాబాకి పంచాయతీ పన్ను ఏడాదికి వెయ్యి రూపాయలు దాటదు, అంత కడుతూ ఉంటే అది సొంతిల్లు ఎలా అవుతుంది, అద్దె ఇల్లే కదా’ అని మామయ్యగారు అంటున్నారు. పక్క పెద్దాయనేమో ‘మీలాంటి పెద్ద ఇళ్లు వచ్చాకే మా పన్నులు పెరిగాయి’ అన్నారు. చాలా బాధగా అనిపించింది. అయిదెకరాలు అమ్మేద్దామా అని ఆలోచిస్తున్నాం. అత్తయ్యగారు, మామయ్యగారు మా దగ్గరికి వస్తే 65 దాటినవారికి ఇచ్చే తగ్గింపు మాకు వస్తుందా? మేమిద్దరం గ్రీన్‌కార్డు మీద ఉన్నాం. మా డ్రైవర్ లైసెన్స్‌ల మీద ఇంకా ఫ్రిస్కో అపార్ట్‌మెంట్ అడ్రసే ఉంది, దానివల్ల ఏమైనా ఇబ్బందా? (పేరు ప్రచురించవద్దు)

జవాబు: మీ ఉత్తరంలో చివరి వాక్యం నుంచే మొదలుపెడతాను. అడ్రస్ సంగతి మీరు చిన్న సందేహంలా అడిగారు కానీ, మీ పన్నులో పెద్ద భాగం దాని దగ్గరే ఇరుక్కుని ఉంది. మీరు జతచేసిన 2025 బిల్లు కాపీలో హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్ (సొంతంగా కాపురముండే ఇంటికి ఇచ్చే పన్ను తగ్గింపు) గడి ఖాళీగా ఉంది. అంటే మీరు ఆ ఇంట్లో కాపురం ఉంటున్నట్టు, ఆస్తుల విలువ కట్టే ఆఫీసు అయిన అప్రైజల్ డిస్ట్రిక్ట్ వాళ్లకి తెలియదు. అది తానుగా వచ్చే తగ్గింపు కాదు, అడిగితేనే ఇస్తారు. దరఖాస్తుతో పాటు డ్రైవర్ లైసెన్స్‌గానీ స్టేట్ ఐడీగానీ చూపించాలి, దాని మీద అడ్రస్ ఆ ఇంటిదే అయి ఉండాలి.

ఈ వారంలోనే ఇద్దరూ లైసెన్స్ అడ్రస్ మార్పించుకోండి. అది చేతికి రాగానే మీ కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కి హోమ్‌స్టెడ్ ఫారం పంపండి. 2026కి ఒక్కదానికే కాదు, 2025కి కూడా అడగండి. గడువు దాటిపోయిందని అనుకోకండి. పన్ను బాకీ పడే తేదీ నుంచి రెండేళ్ల దాకా ఆలస్యంగా దరఖాస్తు పెట్టుకోవచ్చని టెక్సస్ చట్టం చెబుతోంది. 2025 పన్ను బాకీ పడేది 2026 ఫిబ్రవరి 1న. కాబట్టి 2028 జనవరి దాకా మీకు హక్కు ఉంది, అంతదాకా ఆగవలసిన పని మాత్రం లేదు. 2025 జనవరి 1 నాటికి మీరు ఆ ఇంట్లో ఉన్నారు కాబట్టి ఆ ఏడాదికి అర్హత ఉన్నట్టే. 2024 జనవరి 1న అక్కడ ఫౌండేషన్ తప్ప ఇల్లు లేదు, ఆ ఏడాది సంగతి వదిలేయండి.

దీనివల్ల ఎంత మిగులుతుందో మీ బిల్లు మీదే చూద్దాం. స్కూల్ డిస్ట్రిక్ట్ పన్ను లెక్కలో ఇంటి విలువ నుంచి 1,40,000 డాలర్లు తీసేస్తారు. 2022లో ఇది 40,000 ఉండేది, 2023లో లక్ష అయింది, 2025 నవంబర్‌లో ఓటర్లు ఆమోదించాక 2025 పన్ను నుంచే 1,40,000 అయింది. మీ స్కూల్ పన్ను రేటు నూటికి 1.17 డాలర్లు ఉంది కాబట్టి 1,638 డాలర్లు తగ్గుతుంది. కౌంటీ కూడా తనంతట తాను కొంత శాతం తగ్గింపు ఇస్తూ ఉంటే అది అదనం.

ఇంకొక లాభం ఉంది, చాలామంది దాన్ని పట్టించుకోరు. హోమ్‌స్టెడ్ వచ్చిన మొదటి ఏడాది తర్వాత జనవరి నుంచి, పన్ను వేసే విలువను ఏడాదికి 10 శాతానికి మించి పెంచకూడదు. 2025కి మీకు హోమ్‌స్టెడ్ దక్కితే ఈ కట్టడి 2026 నుంచే మొదలవుతుంది. మీ చుట్టుపక్కల భూములకి ఇప్పుడున్న గిరాకీ చూస్తే, ముందు ముందు ఇది ఆ 1,638 కన్నా ఎక్కువ ఆదా చేస్తుంది. ఫారం ఉచితం. ‘మేం ఫైల్ చేసి పెడతాం, ఇంత పంపండి’ అని ప్రభుత్వ ఉత్తరంలా కనిపించే కాగితాలు కొత్త ఇళ్లవాళ్లకి పోస్టులో వస్తుంటాయి. డబ్బు పంపకండి.

ఇక అసలు తొందర పడవలసిన విషయం, ఇల్లున్న ఎకరం పోగా మిగిలిన పది ఎకరాలు. దీనికి గడువు ఏప్రిల్ 30, కాస్త శ్రద్ధగా చదవండి.

టెక్సస్‌లో పశువుల మేతకో, గడ్డి కోతకో, పంటకో వాడే భూమికి మార్కెట్ ధర మీద కాకుండా, ఆ భూమి వ్యవసాయంగా ఎంత రాబడి ఇవ్వగలదో ఆ విలువ మీద పన్ను వేస్తారు. అక్కడి తెలుగువాళ్లందరూ ‘ఆగ్ ఎగ్జెంప్షన్’ అనేది దీన్నే. మీ బిల్లులో ఎకరానికి మార్కెట్ విలువ 25,000 డాలర్లు వేశారు. మామూలు పచ్చికకి రాబడి విలువ కౌంటీని బట్టి మారుతుంది, ఉదాహరణకి 120 డాలర్లు అనుకుందాం. పది ఎకరాలకి 2,50,000 బదులు 1,200 డాలర్ల మీద పన్ను. మీ మొత్తం రేటు నూటికి 1.70. అంటే ఏడాదికి 4,230 డాలర్ల దాకా తేడా. ఇల్లున్న ఎకరం దీని కిందికి రాదు, దానికి మార్కెట్ విలువే.

పాత యజమానికి ఈ విలువ ఉండేది. మీరు కొన్నాక 2024కి మీ పేరు మీద కొత్తగా దరఖాస్తు పెట్టుకోవలసింది. యజమాని మారితే పాతది అలాగే కొనసాగదు. భూమి కొనేటప్పుడు ఇంత ముఖ్యమైన విషయం ఎవరూ చెప్పకపోవడం నాకు చాలా కోపం తెప్పిస్తుంది. కొనేవాళ్లకి ఊరు కొత్త, భూమి కొత్త, పద్ధతి కొత్త. సంతకాల రోజున వంద కాగితాలు ముందు పెట్టి, ఈ ఒక్కటి మాత్రం ఎవరూ ముందుకి తోయరు.

అయినా అవకాశం ఇంకా ఉంది. చట్టం అడిగేది రెండు. గడిచిన ఏడేళ్లలో అయిదేళ్లు ఆ భూమి వ్యవసాయానికే వాడి ఉండాలి. ఇప్పుడు కూడా వాడుతూ ఉండాలి, అదీ మీ ప్రాంతంలో మామూలుగా ఎంత గట్టిగా వాడతారో అంత గట్టిగా. 2026కి ముందు ఏడేళ్లంటే 2019 నుంచి 2025. పెద్దాయన ఆవులు 2019 నుంచి 2023 దాకా మేశాయి. సరిగ్గా అయిదేళ్లు. ఈ ఏడాది మళ్లీ మేత మొదలైతే మీరు గీతకి ఇవతలే ఉన్నారు. ఈ ఏడాది కూడా భూమిని ఖాళీగా వదిలేస్తే వచ్చే ఏడాది లెక్కకి నాలుగేళ్లే మిగులుతాయి. అప్పుడు కొత్తగా అయిదేళ్ల వాడకం చూపించాలి, అన్నాళ్లూ పూర్తి మార్కెట్ విలువ మీద పన్ను కట్టాలి. ఏడాదికి నాలుగు వేల పైన లెక్కేసుకోండి.

జనవరి 1న ఆవులు లేవు కదా అని అడుగుతారు. ఏడాదిలో ఎక్కువ కాలం భూమి వ్యవసాయంలోనే ఉండబోతోందని రుజువు చూపించగలిగితే ఒప్పుకునే వీలుంది. అందుకే దరఖాస్తుతో పాటు రాతపూర్వకమైన కౌలు ఒప్పందం, కంచె, నీటి తొట్టి ఫొటోలు, పాత యజమాని దగ్గరో పెద్దాయన దగ్గరో దొరికే పాత కౌలు కాగితాలు జత చేయండి. గడువు తప్పితే, విలువల మీద అభ్యంతరాలు వినే అప్రైజల్ రివ్యూ బోర్డు ఆ ఏడాది రికార్డులు ఆమోదించేదాకా ఆలస్యపు దరఖాస్తు తీసుకుంటారు. మామూలుగా అది జులైలో జరుగుతుంది. అయితే ఆదా అయ్యే పన్నులో పదో వంతు జరిమానా పడుతుంది. ఏప్రిల్‌లోనే పెట్టేయండి.

ఎవరు మేపాలి? మీరే ఆవులు కొననక్కర్లేదు. భూమి వాడకం ముఖ్యం, పశువులు ఎవరివైనా కావచ్చు. మీ పక్కనే ఏళ్ల తరబడి ఆ నేలని చూసుకున్న మనిషి ఉన్నారు. వెళ్లి అడగండి. కంచెలో గేటు పెట్టించి, ఏడాది కౌలు రాసుకోండి. ఆయనకి మేత, మీకు పన్నులో ఆదా. ఆవులు ఇంటి దగ్గరికి రావడం మీకు ఇష్టం లేకపోతే ఎండుగడ్డి కోతకి ఇవ్వవచ్చు. తేనెటీగల పెంపకం కూడా 5 నుంచి 20 ఎకరాల దాకా ఒప్పుకుంటారు, పెట్టెలు ఎన్ని ఉండాలో మీ కౌంటీ చెబుతుంది. నాలుగు మేకల్ని కొని ఫొటో తీసి పంపితే సరిపోతుందని ఎవరైనా చెబితే వినకండి. ఎకరాకి ఎన్ని పశువులు ఉండాలో ప్రతి కౌంటీకీ రాసిపెట్టిన ప్రమాణం ఉంటుంది, ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి వెళ్తారు. పెరట్లో ఇంటికి వాడుకునే గోంగూర, దొండ, ఆనప మడులు ఎంత ఏపుగా ఉన్నా ఈ లెక్కలోకి రావు.

ఇది చదివే వేరే పాఠకులకి ఒక మాట. హోమ్‌స్టెడ్‌కి పౌరసత్వం అవసరం లేదు, వర్క్ వీసా మీద ఉన్నవాళ్లు కూడా అడగవచ్చు. ఆగ్ ఫారంలో మాత్రం విదేశీ యాజమాన్యం గురించి ఒక ప్రశ్న ఉంటుంది. వీసా మీద ఉన్నవాళ్లు సంతకం పెట్టేముందు అప్రైజల్ డిస్ట్రిక్ట్‌లో అడిగి తెలుసుకోండి.

నెల కిస్తీ ఒక్కసారిగా 1,332 ఎందుకు పెరిగిందన్నదానికి వస్తాను. మీ ఆయన నిద్ర పోవాలంటే ఇది అర్థం కావాలి. 2024 పన్ను ఆ ఏడాది జనవరి 1న ఏముందో దాని మీద వేశారు: 11 ఎకరాలు, ఒక ఫౌండేషన్, మొత్తం 3,00,000. దాని మీద 5,100. మార్ట్‌గేజ్ కంపెనీ ఇదే ప్రతి ఏడాదీ వస్తుందనుకుని ఎస్క్రోలో (పన్ను కట్టడానికి కిస్తీతో పాటు వసూలు చేసి పెట్టుకునే ఖాతాలో) నెలకి 425 చొప్పున పట్టుకుంది. 2025 జనవరి 1 నాటికి ఇల్లు పూర్తయింది. ఇల్లు, దాని ఎకరం కలిపి 5,20,000, మిగతా భూమి 2,50,000. పన్ను 13,090. కంపెనీ దాన్ని మీ తరఫున కట్టేసింది, ఎస్క్రోలో 7,990 తగ్గింది. ఇప్పుడు రెండు మొత్తాలు కలిపి అడుగుతోంది. ఇకమీదట పన్నుకి నెలకి 1,091 కావాలి, అంటే 666 ఎక్కువ. పాత లోటుని 12 నెలల్లో తీర్చడానికి ఇంకొక 666. ఈ రెండో భాగం ఏడాదితో అయిపోతుంది, శాశ్వతం కాదు.

కొత్తగా కట్టిన ఇంట్లోకి వెళ్లిన దాదాపు ప్రతి కుటుంబమూ ఈ దెబ్బ తింటుంది. డాలస్ శివారు ఊళ్లయిన ఫ్రిస్కోలో, ప్రాస్పర్‌లో కూడా ఇంతే. పల్లెలో ఖాళీ భూమి ఎక్కువ కాబట్టి దెబ్బ పెద్దది.

కంపెనీకి ఫోన్ చేసి లోటుని 24 నెలలకో, ఇంకా ఎక్కువకో సర్దమని అడగండి, చాలామంది ఒప్పుకుంటారు. 2025 హోమ్‌స్టెడ్ మంజూరయ్యాక వచ్చే వాపసు పన్ను కట్టినవారికే, అంటే కంపెనీకే వెళ్లే అవకాశం ఎక్కువ. అది మీ ఎస్క్రోలో జమ అయిందో లేదో వెంటపడి చూసుకోండి. రెండు మంజూరు కాగితాలూ చేతికొచ్చాక కొత్తగా ఎస్క్రో లెక్క వేయమని రాతపూర్వకంగా అడగండి. విలువలు, రేట్లు మారకుండా ఉంటే 13,090 లోంచి 1,638, 4,230 పోగా మీ పన్ను 7,222 దగ్గరికి వస్తుంది. నెలకి 600 పైచిలుకు.

దీనితో పాటు ఇంటి విలువ మీద ప్రొటెస్ట్ (అభ్యంతరం) కూడా వేయండి. ఏప్రిల్, మే నెలల్లో 2026 విలువ నోటీసు వస్తుంది. మే 15, లేదా నోటీసు పంపిన 30 రోజులు, ఏది తర్వాతైతే అది గడువు. టెక్సస్‌లో అమ్మకం ధర ప్రభుత్వానికి చెప్పాలన్న నియమం లేదు కాబట్టి అప్రైజల్ డిస్ట్రిక్ట్ చాలావరకు అంచనాల మీదే నడుస్తుంది. పట్నం పక్క లెక్క తెచ్చి పల్లె ఇంటికి అంటించడం తరచుగా జరుగుతుంది. తారు లేని రోడ్డు, సెప్టిక్ ట్యాంకు, వర్షానికి నీరు నిలిచే మూల, ఇంటికి రావలసిన ఇంటర్నెట్ లేకపోవడం, ఇవన్నీ ఫొటోలతో చూపించండి. మీలాంటి ఇళ్లకి అదే కౌంటీలో చదరపు అడుగుకి ఎంత వేశారో వాళ్ల వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది. మీ ఇంటికి వాటికన్నా ఎక్కువ వేసి ఉంటే, మార్కెట్ ధర సరైనదే అయినా, సమానంగా వేయలేదన్న వాదన చెల్లుతుంది. మీ మీద వాడబోయే ఆధారాల్ని విచారణకి 14 రోజుల ముందు మీకు ఇవ్వాలి, అడిగి తెప్పించుకోండి. చాలా కేసులు బోర్డు దాకా వెళ్లకుండా ముందు మాటల్లోనే సర్దుబాటు అవుతాయి. మర్యాదగా, కాగితాలతో వెళ్లండి. ఆ బల్ల అవతల కూర్చున్న మనిషి రేట్లు పెట్టేవాడు కాదు, విలువ కట్టేవాడు మాత్రమే.

మామయ్యగారి మాటకి జవాబు చెప్పాలి. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. కృష్ణా జిల్లా ఊళ్లో బడి జీతాలు ఆ ఊరి ఇంటి పన్నుతో రావు. రాష్ట్రం ఇస్తుంది, ఆ డబ్బులో చాలా భాగం జనం కొనే వస్తువుల మీద పన్ను రూపంలో వస్తుంది. అందుకే ఊళ్లో ఇంటి పన్ను అంత తక్కువ. టెక్సస్‌లో జీతం మీద రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, రాష్ట్రం ఇళ్ల మీద పన్ను వేయడానికి రాజ్యాంగం ఒప్పుకోదు. బడి, కౌంటీ రోడ్లు, షెరీఫ్, అంబులెన్స్, ఫైరింజన్, ఇవన్నీ నడిపే బాధ్యత చాలావరకు స్థానికంగా ఇళ్లూ భూములూ ఉన్నవాళ్ల మీదే పడింది. మీ బిల్లు చూడండి: నూటికి 1.70లో స్కూల్ డిస్ట్రిక్ట్‌ది 1.17, కౌంటీది 0.33, ఎమర్జెన్సీ సర్వీస్ డిస్ట్రిక్ట్‌ది 0.10, కాలేజీ డిస్ట్రిక్ట్‌ది 0.10. మీరు ఊరి హద్దు బయట ఉన్నారు కాబట్టి సిటీ పన్ను లేదు. మూడింట రెండు వంతులకి పైగా పిల్లల చదువుకే పోతోంది.

ఈ భారం పల్లె కౌంటీలో ఎందుకు బరువుగా ఉంటుందో ఆయనకి అర్థమయ్యేలా చెప్పవచ్చు. డాలస్ పక్కనున్న ప్లేనోలో పెద్ద పెద్ద ఆఫీసు భవనాలు, మాల్స్ బడి ఖర్చులో తమ వాటా మోస్తాయి. మీ కౌంటీలో అవి లేవు. ఒక గ్రెయిన్ ఎలివేటర్ (ధాన్యం గిడ్డంగి), రెండు పెట్రోల్ బంకులు, ఒక డాలర్ జనరల్ దుకాణం. మిగతాది ఇళ్లే మోయాలి. ఉమ్మడి కుటుంబంలో సంపాదించేవాళ్లు ఇద్దరే ఉంటే ఖర్చు వాళ్ల మీదే పడినట్టు. అన్ని పల్లె కౌంటీలూ ఇలాగే ఉండవనుకోండి. పశ్చిమాన లవింగ్ కౌంటీలో 2020 జనాభా లెక్కల్లో 64 మందే తేలారు, కానీ నేల కింద చమురు ఉంది, ఆ కంపెనీలే పన్ను కడతాయి. మీ నల్లరేగడి కింద అలాంటిదేమీ లేదు.

అయినా ఒక విషయంలో మామయ్యగారి భయం నిజమే. పన్ను కట్టకపోతే జనవరి 31 తర్వాత జరిమానా, వడ్డీ మొదలై జులై నాటికి బాగా బరువెక్కుతుంది, చివరికి ఇల్లు వేలం దాకా వెళ్లవచ్చు. ఎస్క్రో తలనొప్పి అనిపించినా, ఆ ప్రమాదం నుంచి మిమ్మల్ని కాపాడుతున్నది అదే.

ఫెడరల్ టాక్స్ రిటర్న్‌లో కొంత వెసులుబాటు ఉంది. రాష్ట్ర, స్థానిక పన్నుల మినహాయింపు పరిమితి చాలా ఏళ్లు 10,000 ఉండేది, 2025కి 40,000 చేశారు. మీ ఇంటి లోను వడ్డీ, ఈ పన్ను, దానాలు కలిపితే 2025కి భార్యాభర్తల స్టాండర్డ్ డిడక్షన్ (లెక్కలు చూపకుండానే అందరికీ ఇచ్చే మినహాయింపు) 31,500 దాటుతుందేమో చూడమని మీ రిటర్న్ చేసేవారిని అడగండి. దాటకపోతే ప్రయోజనం లేదు.

పెద్దాయన మాట మిమ్మల్ని బాధపెట్టింది. నేను దాన్ని ఇంకోలా చదివాను. ఆయన అన్నదాంట్లో సగం నిజం ఉంది. ప్రాస్పర్, సెలైనా నిండిపోయాక జనం ఉత్తరానికీ, తూర్పుకీ కదులుతున్నారు. షెర్మన్‌లో చిప్ కర్మాగారాలు, చుట్టూ కొత్త కాలనీలు. మీ ఇల్లు పక్కన లేచినప్పుడు ఆయన ఇంటి అంచనా విలువ కూడా లేస్తుంది. కొత్త పిల్లలు వచ్చినప్పుడు కొత్త బడి కావాలి, దానికి బాండ్లు, అంటే పన్నుతో తీర్చే అప్పులు, కావాలి. టెక్సస్‌లో బడి బాండ్ల బ్యాలెట్ మీద ‘ఇది ఆస్తి పన్ను పెంపు’ అని పెద్ద అక్షరాల్లో రాయాలని చట్టం. ఆయన ప్రతి ఎన్నికలో ఆ వాక్యం చదువుతూ వచ్చారు. మీరు వచ్చినందుకు ఆయనకి కోపం లేదనుకుంటాను. పుట్టిన ఇంటిని కాపాడుకోలేనేమోనన్న దిగులు ఉంది.

ఆ దిగులు చాలావరకు తీర్చగల చట్టాలు ఉన్నాయి, ఆయనకి అవన్నీ తెలుసో లేదో కనుక్కోండి. 65 దాటిన ఇంటి యజమానికి స్కూల్ పన్నులో మామూలు 1,40,000కి తోడు ఇంకో 60,000 తగ్గింపు 2025 నుంచి వచ్చింది, మొత్తం రెండు లక్షలు. పల్లెలో పాత ఇల్లయితే స్కూల్ పన్ను దాదాపు సున్నాకి రావచ్చు. ఆ తగ్గింపు వచ్చిన ఏడాది నుంచి ఆయన ఇంటి స్కూల్ పన్ను ఆ మొత్తం దాటి పెరగకూడదు, కొత్తగా గదులు కడితే తప్ప. కౌంటీ కూడా ఇలాంటి పరిమితి పెట్టుకునే వీలుంది, మీ కౌంటీ పెట్టుకుందో లేదో అడగండి. అసలు కట్టలేని పరిస్థితి వస్తే, ఇంట్లో ఉన్నంతకాలం పన్ను వాయిదా వేసుకునే హక్కు ఉంది. ఏడాదికి 5 శాతం వడ్డీ పెరుగుతుంది, ఇల్లు మాత్రం లాక్కోలేరు. ఆయన మేత భూమికి రాబడి విలువే కాబట్టి మీ ఇంటి ధర దాన్ని కదిలించదు. కౌలు మాటకి వెళ్లినప్పుడు ఈ మాటలు కూడా చెప్పండి. పిల్లలు దగ్గర లేని పెద్దవాళ్లు ఈ కాగితాలు దాఖలు చేయకుండా ఏళ్లు గడిపేయడం చాలాచోట్ల జరుగుతోంది. దరఖాస్తు నింపడంలో మీ ఆయన ఒక గంట సాయం చేస్తే అది ఆయనకి కొన్ని వందల డాలర్లు.

ఇద్దరూ కలిసి ఆగస్టు, సెప్టెంబర్‌లో రేట్ల మీద జరిగే సభలకి వెళ్లండి. విలువ కట్టేది అప్రైజల్ డిస్ట్రిక్ట్, రేటు పెట్టేది మాత్రం స్కూల్ బోర్డు, కౌంటీ జడ్జి, నలుగురు కమిషనర్లు. విలువలు పెరిగినప్పుడు రేటు తగ్గిస్తే బిల్లు అలాగే ఉంటుంది. తగ్గించకుండా ‘మేం రేటు పెంచలేదు’ అంటే నమ్మకండి. సిటీలు, కౌంటీలు పాత ఆస్తుల మీద రాబడిని 3.5 శాతానికి మించి పెంచాలంటే ఓటర్లని అడగాలని 2019లో చట్టం వచ్చింది. మీకు ఓటు లేకపోయినా మాట్లాడే హక్కు ఉంది, మీరు పన్ను కట్టేవారు. పల్లె కౌంటీలో ఆ సభలకి మహా అయితే పదిమంది వస్తారు. అక్కడ మీ మూడు నిమిషాలకి ఉన్న బరువు డాలస్‌లో ఎవరికీ దక్కదు.

అత్తయ్యగారు, మామయ్యగారు వస్తే 65 తగ్గింపు రాదు. ఆ వయసువారు ఇంటి యజమాని అయి ఉండాలి, అదే వారి శాశ్వత నివాసం అయి ఉండాలి. మీ దగ్గర ఆర్నెల్లు ఉండి వెళ్లేవారికి వర్తించదు. తగ్గింపు కోసం వారి పేరు దస్తావేజులో చేర్చమని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి. లోను షరతులు, గిఫ్ట్ టాక్స్ కాగితాలు, రేపు వారసత్వం, అన్నీ చిక్కులే. వాళ్లు నిజంగా గ్రీన్‌కార్డు తీసుకుని, డబ్బు పెట్టి, ఇక్కడే స్థిరపడితే అప్పుడు లాయర్‌ని అడిగి ఆలోచించవచ్చు.

అయిదెకరాలు అమ్మడం ఇప్పుడు వద్దు. లోను మీద ఉన్న భూమిని విడదీయడానికి మార్ట్‌గేజ్ కంపెనీ అనుమతి, సర్వే, కౌంటీ ప్లాటింగ్ నియమాలు, చాలా ఖర్చు. అయిదెకరాల మేతకి ఆగ్ విలువ దొరకడం పదెకరాలకన్నా కష్టం కావచ్చు, కొన్ని కౌంటీలు కనీస విస్తీర్ణం చూస్తాయి. పైగా ఆగ్ వచ్చాక ఎవరైనా ఆ భూమిని ప్లాట్లు చేసి ఇళ్లు కడితే, వెనక మూడేళ్లలో ఆగ్ కింద ఉన్న ఏళ్లకి ఆదా అయిన పన్నుని తిరిగి కట్టమంటారు. ఆ బాకీ భూమి మీదే కూర్చుంటుంది కాబట్టి అమ్మకం ఒప్పందంలో ఎవరు కట్టాలో రాసుకోవాలి. ఈ అక్టోబర్‌లో కొత్త బిల్లు వచ్చేదాకా ఆగండి. అందులో హోమ్‌స్టెడ్, ఆగ్ రెండూ కనిపించాక కూడా కిస్తీ మోయలేమనిపిస్తే అప్పుడు అమ్మకం గురించి మళ్లీ రాయండి, ఆ బిల్లు కాపీ జత చేయండి.